పగలు ట్యూషన్ గది ఖాళీగా ఉంటోందా?

మాది హన్మకొండ. సాయంత్రం ఐదైతే గది నిండిపోతుంది, చాప పరిచి కూర్చోబెట్టిన రోజులూ ఉన్నాయి. పొద్దున పది నుంచి మూడు దాకా మాత్రం బెంచీలన్నీ ఖాళీ, కిరాయేమో నెల మొత్తానికీ కట్టాలి. రెండేళ్లు ఇలాగే నడిపాక తప్పెక్కడుందో తెలిసింది.

సమస్య: పగలు ఎవరూ ఫోన్ చేయరు.
కారణం: పాంప్లెట్లు బడి గేట్ల దగ్గరే పంచుతున్నాం. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు నడిచే రోజులు తప్ప ఆ పిల్లలు పగలు మన దగ్గరికి ఎలా వస్తారు?
పరిష్కారం: పగలు తీరిక దొరికేవాళ్లను వెతకండి. నయీంనగర్, కిషన్‌పుర వైపు హాస్టళ్లలో ఉండి కానిస్టేబుల్‌కు ప్రిపేరయ్యేవాళ్లున్నారు, ప్రిలిమ్స్‌లో అర్థమెటిక్ ఉంటుంది, ఆర్ట్స్ చదివినవాళ్లకు కాలం-పని లెక్కలంటేనే టెన్షన్. ఓపెన్ టెన్త్ రాసే ఆడవాళ్లు కూడా ఉన్నారు. 14 ఏళ్లు నిండితే చేరొచ్చు, పై వయసుకు పరిమితి లేదు, స్టడీ సెంటర్ క్లాసులు ఎక్కువగా సెలవు రోజుల్లోనే జరుగుతాయి కాబట్టి మిగతా రోజుల్లో డౌట్ వస్తే అడగడానికి మనిషి ఉండడు. మీసేవ, జిరాక్స్ షాపులు, లైబ్రరీ దగ్గర అడిగి నోటీసు అంటించండి.

సమస్య: ఫీజు కనుక్కుంటారు, మళ్లీ రారు.
కారణం: చాలాసార్లు అడ్డొచ్చేది డబ్బు కాదు, మొహమాటం. ఒక అక్క మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయింది, నాలుగోసారి నేనే బయటికెళ్లి పలకరిస్తే "చిన్నపిల్లల నడుమ కూసోవాల్నా సార్?" అంది.
పరిష్కారం: పెద్దవాళ్లకు వేరే బ్యాచ్ పెట్టండి, బోర్డు మీద 'ఫెయిలైనవారికి' అనే మాట తీసేయండి. ఆ అక్క ఇప్పుడు పిల్లల్ని బడికి పంపి పదిన్నరకు వస్తుంది, నోట్‌బుక్కు కూరగాయల సంచిలోనే ఉంటుంది. భిన్నాలంటే భయపడితే పావుకిలో, అరకిలో, ముప్పావుకిలోతోనే మొదలుపెట్టాం, అవి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

సమస్య: నెల కాగానే మానేస్తారు.
కారణం: కాజీపేట రైల్వేలో చేసేవాళ్లలో చాలామందికి డ్యూటీ టైం మారుతూ ఉంటుంది. నెల ఫీజు కట్టి పది రోజులు రాలేకపోతే ఎవరికైనా మనసొప్పదు.
పరిష్కారం: నెలకు కాకుండా 12 క్లాసులకింత అని తీసుకోండి, రెండు నెలల్లో ఎప్పుడైనా వాడుకోమనండి. రాలేకపోతే ముందురోజు రాత్రే వాట్సాప్‌లో చెప్పమంటే ఆ గంట ఇంకొకరికి ఇవ్వొచ్చు.