అమెరికా నగర వీధులను చదవడం – మూడో పాఠం: తలపైని తీగలు

గత పాఠంలో రోడ్డు మీద మిగిలిన పట్టాల జాడలను బట్టి పాత ట్రాం మార్గాన్ని గుర్తించడం నేర్చుకున్నాం. ఈసారి చూపు పైకి మళ్లించి, వీధిపై వేలాడే తీగలను బట్టి ఆ దారిలో నడిచేది ట్రామా, ట్రాలీబస్సా (పైతీగల కరెంటుతో నడిచే బస్సు) అన్నది, ఆ తీగలు అక్కడికి ఎందుకు వచ్చాయన్నది చెప్పగలగాలి. వీధుల ఫొటోలు చూపే ఏ ఆన్‌లైన్ మ్యాపైనా సాధనకు సరిపోతుంది.

మొదట తీగలను లెక్కపెట్టండి. కరెంటుకు వెళ్లే దారితో పాటు తిరిగి వచ్చే దారి కూడా ఉండాలి. ట్రాం ఉక్కు చక్రాలతో ఉక్కు పట్టాల మీద నడుస్తుంది కనుక, పైనున్న ఒక్క తీగ నుంచి తీసుకున్న కరెంటు మోటారు గుండా సాగి, చక్రాల మీదుగా పట్టాలలోకి దిగి సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. 1888లో వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరంలో ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్ నడిపించి చూపింది ఈ పద్ధతినే. రబ్బరు టైర్ల ట్రాలీబస్సుకు నేల గుండా తిరుగుదారి లేదు. అందుకే ఒక్కో దిశకు రెండేసి తీగలు, బస్సు పైకప్పు మీద ఆ తీగలను తాకే రెండు కడ్డీలు కనిపిస్తాయి.

ఫొటో మసకగా ఉండి లెక్క తేలకపోతే కూడలికి వెళ్లండి. ట్రాం తీగలన్నీ ఒకే ధ్రువానికి చెందినవి కనుక అవి ఒకదానినొకటి తాకినా ముప్పు లేదు. ట్రాలీబస్సు మార్గాలు రెండు అడ్డంగా దాటుకునే చోట మాత్రం ధన, ఋణ తీగలు కలిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దాన్ని నివారించడానికి కరెంటు పారని ముక్కలను అక్కడ అమరుస్తారు, డ్రైవరు పెడల్ వదిలి, ఉన్న వేగంతోనే ఆ ముక్కను దాటిస్తాడు. కూడలి మీద తీగల మధ్య ఇలాంటి బరువైన అమరిక కనిపిస్తే అది ట్రాలీబస్సు దారేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

ఇక తీగల వెనుక చరిత్ర. సియాటిల్ నగరం 1919లో తన ట్రాం వ్యవస్థను ప్రైవేటు యాజమాన్యం నుంచి కోటిన్నర డాలర్లకు కొని, ఆ అప్పు కింద రెండు దశాబ్దాలు నలిగిపోయింది. 1939లో ఫెడరల్ ప్రభుత్వ సంస్థ నుంచి రుణం దొరకగానే పట్టాలను బాగుచేయడానికి బదులు ట్రాలీబస్సులను ఎంచుకుంది; అవి 1940లో వచ్చాయి, పాత ట్రాములు 1941లో ఆగిపోయాయి. ఈ మార్పును ట్రాముల ఓటమిగానే చెప్పుకుంటారు కానీ, నా దృష్టిలో అది సగం నిజమే. అరిగిన పట్టాలను మార్చి, వాటి చుట్టూ రోడ్డు మళ్లీ వేయడం చాలా ఖరీదైన పని. సబ్‌స్టేషన్ల వంటి విద్యుత్ ఏర్పాట్లు మాత్రం ట్రాలీబస్సుకూ అక్కరకు వస్తాయి. పైగా నిటారు కొండదారుల్లో ఉక్కు మీద ఉక్కు జారుతుంది, రబ్బరుకు పట్టు దొరుకుతుంది. 1935లో ట్రాలీబస్సును ప్రవేశపెట్టిన శాన్‌ఫ్రాన్సిస్కోకూ కొండల లెక్క వర్తిస్తుంది.

తీగే లేకపోతే తొందరపడి ట్రాం లేదనుకోకండి. వాషింగ్టన్ నగర కేంద్రంలో తలపై తీగలను నిషేధించినందువల్ల, పట్టాల నడుమ సన్నని చీలిక కింద కరెంటును దాచి ట్రాములు నడిపారు. 2016లో మొదలైన సియాటిల్ ఫస్ట్ హిల్ ట్రాం, ట్రాలీబస్సుల తీగలతో చిక్కు రాకుండా, కొండ దిగేటప్పుడు బ్యాటరీతో నడుస్తుంది.

సాధన: శాన్‌ఫ్రాన్సిస్కోలోని మార్కెట్ స్ట్రీట్‌ను మ్యాపులో తెరిచి, కింద పట్టాలను, పైన ఒక్కో దిశకు ఉన్న తీగలను లెక్కించండి. ఒకే వీధిలో ట్రాము, ట్రాలీబస్సు రెండూ నడిచే ఆ చోట ట్రాం కడ్డీ ఏ తీగను తాకుతుందో, తిరుగు కరెంటు ఏ దారి పడుతుందో ఒక బొమ్మ గీసి ఉంచుకోండి. నాలుగో పాఠాన్ని ఆ బొమ్మతోనే మొదలుపెట్టి, తీగలు చీలే చోట బస్సు తన దారిని ఎలా ఎంచుకుంటుందో చూద్దాం.