పలు భాషల కబడ్డీ జట్టుకు శిక్షణ ఇచ్చే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో కబడ్డీ నేర్చి, వృత్తి జట్టులో శిక్షకులుగా చేరేవారికి మొదటి చిక్కు ఆటలో కాక మాటలో ఎదురవుతుంది. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌లో హర్యానా, తమిళనాడు, మహారాష్ట్ర ఆటగాళ్లతో పాటు ఇరాన్ వారూ ఆడుతున్నారు. రైడర్ కూతకు ఉన్న గడువు 30 సెకన్లే కనుక, చేతులు పట్టుకుని నిలిచిన డిఫెండర్లలో ఒక్కరికి పిలుపు అందకపోయినా పట్టు జారిపోతుంది.

అందుచేత వ్యూహాల జోలికి వెళ్లకముందే పది పన్నెండు పిలుపులను ఖాయం చేసుకోవాలి. కార్నర్ (డిఫెండర్ల వరుస చివర నిలిచేవాడు), కవర్ (అదే వైపు లోపలగా నిలిచేవాడు), బోనస్ (బోనస్ గీత దాటితే రైడర్‌కు వచ్చే అదనపు పాయింటు) ఆటగాళ్లందరికీ తెలిసినవే. 'ఆగు', 'వెనక్కి', 'పట్టు' వంటి వాటికి మాత్రం ఏ ఒక్క భాషకూ పెత్తనం ఇవ్వకుండా, ఆటగాళ్ల చేతనే పొట్టి మాటలు ఎంపిక చేయించి, ఆయాసపడుతున్నప్పుడు కూడా అవే నోటికి వచ్చేదాకా సాధన చేయించాలి. శిక్షకుడూ నేర్చుకోవాలి. నాసిక్‌కు చెందిన శైలజా జైన్ ఇరాన్ మహిళల జట్టుకు శిక్షకురాలిగా వెళ్లి ఫార్సీ నేర్చుకున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో ఆ జట్టు 27-24తో మన జట్టునే ఓడించింది.

మన పల్లె కుర్రవాడు తల వంచుకుని "అలాగే సార్" అంటే అది మర్యాదే గాని, అర్థమైందనడానికి గుర్తు కాదు. అందరి ముందు "ఎందుకు?" అని అడిగే విదేశీ ఆటగాడు ఎదురు తిరిగినట్లూ కాదు. చెప్పినదాన్ని మ్యాట్ మీద చేసి చూపించమని ఇద్దరినీ అడిగితే సంగతి తేలిపోతుంది. మందలింపును విడిగా చెప్పాలి. దాన్ని అనువదించే పని తోటి ఆటగాడికి అప్పగించడం నా దృష్టిలో పొరపాటు, ఎందుకంటే స్నేహితుడైతే మాటను మెత్తబరుస్తాడు, అదే స్థానానికి పోటీదారైతే ఇంకేం చేస్తాడో చెప్పనక్కరలేదు.

రంజాన్ మాసం ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది కనుక, శిక్షణ పట్టిక వేసేటప్పుడే తేదీలు చూసుకుని, కఠినమైన సాధనను ఇఫ్తార్ తరువాతకు మార్చాలి. స్వర్ణాల చెరువు ఒడ్డున దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ చూస్తూ పెరిగిన నెల్లూరు వారికి ఇవన్నీ తెలిసినవే అనిపించవచ్చు. అయినా ఎవరు ఉపవాసం ఉంటారో ఊహించకుండా ఆటగాణ్ణే అడగాలి. భోజనంలో మన చేపల పులుసుతో పాటు కారం లేని కూర ఒకటి ఉంటే చాలు.

గదుల కేటాయింపులో మొదటి రెండు వారాలు ఒకే భాషవారిని కలిపి ఉంచవచ్చు. ఆ తరువాత, ఒకే వైపు నిలిచి పట్టు పట్టవలసిన కార్నర్, కవర్ ఆటగాళ్లు ఏ భాషవారైనా సరే, వారికి ఒకే గది ఇవ్వాలి.