దేశం నిరంకుశత్వం వైపు జారుతోందా? హంగరీ లెక్కలతో చూసే పద్ధతి

నాయకుడి ప్రసంగాలు పక్కన పెట్టి చట్టాలు చదవండి. 2010లో హంగరీ ప్రధాని అయిన విక్టర్ ఓర్బాన్ తెచ్చిన మార్పుల్లో ఎక్కువ భాగం పార్లమెంటు ఓటుతోనే వచ్చాయి. వీధుల్లో సైన్యం కోసం వెతికినవాళ్లకు ఏమీ కనబడలేదు.

మొదట ఓట్ల శాతం, సీట్లు పక్కపక్కన రాసుకోండి. 2010లో ఓర్బాన్ పార్టీ ఫిదెస్ కూటమికి దాదాపు 53 శాతం ఓట్లు, 386లో 263 సీట్లు వచ్చాయి. ఆ తర్వాత సభను 199కి కుదించారు, నియోజకవర్గాల హద్దులు మార్చారు, రెండో రౌండు పోలింగ్ ఎత్తేశారు. గెలిచిన అభ్యర్థికి అవసరానికి మించి పడ్డ ఓట్లు కూడా పార్టీ జాబితాకు, అంటే పార్టీకి పడ్డ ఓట్లను బట్టి సీట్లు పంచే లెక్కకు, కలిసేలా చేశారు. 2014లో ఓట్లు 45 శాతానికి పడిపోయినా 133 సీట్లు దక్కాయి, అంటే మళ్లీ మూడింట రెండొంతులు. చాలామంది పొరబడేది ఇక్కడే: రిగ్గింగ్ జరిగిందా అని మాత్రమే అడుగుతారు.

తర్వాత వయసులు, పదవీకాలాలు చూడండి. జడ్జీల విరమణ వయసును 70 నుంచి ఒక్కసారిగా 62కి దించారు. అది చెల్లదని 2012 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం, నవంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు చెప్పాయి. అప్పటికే ఖాళీ అయిన పెద్ద కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చున్నారు. అందుకే ‘కోర్టు కొట్టేసింది’ అన్న వార్త దగ్గర ఆగకూడదు. ఆర్నెల్ల తర్వాత ఆ కుర్చీలో ఎవరున్నారో చూడాలి. మీడియాను నియంత్రించే మీడియా మండలి సభ్యుల పదవీకాలం 9 ఏళ్లు. 4 ఏళ్ల పార్లమెంటు రెండుసార్లు మారినా వాళ్లు కదలరు.

2018 నవంబరులో 400కు పైగా మీడియా సంస్థలు ప్రభుత్వానికి అనుకూలమైన ఒకే ఫౌండేషన్ కిందికి చేరాయి. ఆ విలీనాన్ని పోటీ చట్టం పరిశీలన నుంచి ప్రభుత్వమే తప్పించింది.

విదేశీ సంబంధాలకు వేరే వరుస గీయండి. హంగరీ యూరోపియన్ యూనియన్ సభ్యదేశం. 2018 సెప్టెంబరులో యూరోపియన్ పార్లమెంటు దాని మీద యూనియన్ ఒప్పందంలోని 7వ అధికరణం ప్రయోగించింది. యూనియన్ విలువలు తప్పిన దేశానికి యూనియన్ నిర్ణయాల్లో ఓటు లేకుండా చేసే దారి అది. ఓటు హక్కు తీసేయాలంటే ముందు మిగతా దేశాలన్నీ ఒప్పుకోవాలి, అందుకే అది సాగలేదు. డబ్బు ఆపడం మాత్రం పనిచేసింది: 2022 డిసెంబరులో హంగరీకి రావాల్సిన 630 కోట్ల యూరోలు నిలిపేశారు. అయితే సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాల్సిన నిర్ణయాలను అడ్డుకునే వీటో హంగరీ చేతిలోనూ ఉంది. 2023 డిసెంబరు 13న హంగరీకి దాదాపు 1,000 కోట్ల యూరోలు అందే దారి యూరోపియన్ కమిషన్ తెరిచింది. మర్నాడు మొదలైన యూనియన్ నేతల సదస్సులో, ఉక్రెయిన్‌ను యూనియన్‌లో చేర్చుకునే చర్చలపై ఓటు సమయానికి ఓర్బాన్ గది బయటికి వెళ్లారు, ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల యూరోల సాయాన్ని మాత్రం అడ్డుకున్నారు. తేదీలు కలిసినంత మాత్రాన బేరం రుజువైనట్టు కాదు. డబ్బు విడుదలకు కారణంగా చూపిన 2023 మే నాటి కోర్టుల సంస్కరణ చట్టాన్ని కూడా అదే వరుసలో రాసుకోండి.