డీ-అడిక్షన్, మానసిక ఆరోగ్య సంస్థలకు నిధులు: ఎక్కడ అడగాలి, ఏం సిద్ధం చేసుకోవాలి

తెలుగు రాష్ట్రాల్లో డీ-అడిక్షన్ సెంటరో, కౌన్సెలింగ్ కేంద్రమో, మానసిక జబ్బు నయమైనవారికి పునరావాస గృహమో నడిపే స్వచ్ఛంద సంస్థకు డబ్బు వచ్చే దారులు నాలుగు: కేంద్ర ప్రభుత్వ గ్రాంటు, కంపెనీల సీఎస్ఆర్ (చట్టం ప్రకారం సామాజిక సేవకు ఖర్చు చేయాల్సిన సొమ్ము), ఫౌండేషన్లు, వ్యక్తుల విరాళాలు. వీటిలో ఏ ఒక్కటీ సంస్థను నిలబెట్టదు. గ్రాంటు ఆలస్యమవుతుంది, సీఎస్ఆర్ ఏడాదికే ఆగిపోవచ్చు, విరాళం ఎప్పుడొస్తుందో తెలియదు. కౌన్సెలర్‌కి, నర్సుకి, వంటమనిషికి మాత్రం ఒకటో తారీఖున జీతం చేతిలో పెట్టాలి. జీతం ఆగితే కౌన్సెలర్ వెళ్లిపోతారు. కౌన్సెలర్ వెళ్లిపోతే, నమ్మి నోరు విప్పిన పేషెంటు కూడా వెళ్లిపోతాడు. కాబట్టి కింద చెప్పేదంతా ఆ ఒకటో తారీఖును దృష్టిలో పెట్టుకుని చదవండి.

ముందు కాగితాలు

ఎక్కువ దరఖాస్తులు పనిలో లోపం వల్ల కాదు, కాగితాల్లో లోపం వల్ల వెనక్కొస్తాయి. సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్, సంస్థ పేరున పాన్, నీతి ఆయోగ్ వారి స్వచ్ఛంద సంస్థల పోర్టల్ ఎన్జీఓ దర్పణ్‌లో నంబరు, ఆదాయపు పన్ను శాఖ 12ఏ (సంస్థ ఆదాయానికి మినహాయింపు), 80జీ (దాతకు మినహాయింపు) ఉత్తర్వులు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఏటా రిజిస్ట్రార్‌కు ఇచ్చిన పాలకవర్గం జాబితా. ఇవన్నీ ఒకే ఫైల్లో ఉండాలి.

ఈ కాగితాలన్నిటినీ టేబుల్ మీద పరిచి పేరొక్కటే చదవండి. ఒకదాంట్లో 'శ్రీ' ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. పాన్‌లో 'అండ్' అని అక్షరాల్లో ఉంటే బ్యాంకు ఖాతాలో '&' గుర్తు ఉంటుంది. కార్యదర్శి ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా పడుతుంది. మన కంటికి ఇవి చిన్నవే. ఆన్‌లైన్ పోర్టల్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు సంస్థలు. మంజూరైన సొమ్ము కూడా ఖాతాలో పడకుండా ఇక్కడే ఆగుతుంది. దరఖాస్తుకు కనీసం రెండు నెలల ముందే సరిచేయించుకోండి.

12ఏ, 80జీ ఒకసారి వస్తే శాశ్వతం అనుకునే రోజులు పోయాయి. 2021 ఏప్రిల్ నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్ మూడేళ్లకు, పూర్తిది మామూలుగా ఐదేళ్లకు ఇస్తున్నారు. అప్పట్లో కొత్త పద్ధతిలో మళ్లీ నమోదైన పాత సంస్థల్లో చాలావాటి గడువు 2026 మార్చి 31 వరకే. పునరుద్ధరణ ఉత్తర్వు చేతిలో ఉందో లేదో ఈరోజే చూసుకోండి. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి సెక్షన్లు, ఫారాల కొత్త నంబర్లు ఆడిటర్‌ను అడిగి రాసుకోండి. వాడుకలో మాత్రం అందరూ ఇంకా 12ఏ, 80జీ అనే అంటారు.

మన రంగానికి ప్రత్యేకమైన కాగితం ఇంకొకటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగులను చేర్చుకుని చికిత్స చేసే కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టంలో మానసిక అనారోగ్యం నిర్వచనంలోకే వస్తాయి. 'మాది ఆసుపత్రి కాదు, మందు మాన్పించే కేంద్రమే' అన్న సమాధానం చెల్లదు. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయల దాకా, మళ్లీ మళ్లీ దొరికితే 5 లక్షల దాకా జరిమానా పడుతుంది. జరిమానా సంగతి అలా ఉంచండి, నమోదు లేని కేంద్రంలో పేషెంటుకు ఏదైనా జరిగితే ఏ దాతా మీ పక్కన నిలబడడు.

కేంద్ర గ్రాంటు

వ్యసన విముక్తికి పెద్ద దారి కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ నడిపే ఎన్ఏపీడీడీఆర్, అంటే మాదకద్రవ్యాల గిరాకీ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళిక. దీని కింద పడకలతో నడిచే సమగ్ర పునరావాస కేంద్రాలకు, పిల్లలు, యువత మధ్య తోటివారితోనే పని చేయించే సమూహ కార్యక్రమాలకు, పడకలు లేకుండా వచ్చిపోయే డ్రాప్-ఇన్ కేంద్రాలకు సాయం ఇస్తారు. పడకల కేంద్రాన్ని అందరూ ఐఆర్‌సీఏ అంటారు. మానసిక జబ్బుకు చికిత్స పొంది కుదుటపడినవారి పునరావాస గృహానికైతే, అంటే హాఫ్-వే హోమ్‌కైతే, దివ్యాంగుల సాధికారత విభాగం వారి దీన్‌దయాళ్ పునరావాస పథకం ఉంది. దానికి దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 కింద రిజిస్ట్రేషన్ అదనంగా కావాలి.

రెండింటికీ దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్లోనే. సంస్థ పుట్టి, పనిచేస్తూ కొన్నేళ్లు గడిచి ఉండాలి; ఎన్నేళ్లో ఆయా పథకం మార్గదర్శకాల్లో చూసుకోండి. జిల్లా స్థాయి తనిఖీ, రాష్ట్ర ప్రభుత్వ సిఫారసు దాటాకే ఫైలు ఢిల్లీకి చేరుతుంది. డీ-అడిక్షన్ కేంద్రం లేని జిల్లాలను మంత్రిత్వ శాఖ విడిగా గుర్తించి ప్రతిపాదనలు పిలుస్తుంటుంది. ఇప్పటికే కేంద్రం ఉన్న జిల్లాలో రెండోదానికి తిప్పలు పడేకన్నా, లేని పక్క జిల్లాకు దరఖాస్తు చేయడం తెలివైన పని.

తనిఖీకి వచ్చినవారు ఉపన్యాసం వినరు, రిజిస్టర్లు చూస్తారు. అడ్మిషన్ రిజిస్టర్, డిశ్చార్జి రిజిస్టర్, సిబ్బంది హాజరు, మందుల స్టాకు, వంటసరుకు స్టాకు. ఒక తేదీ పట్టుకుని అన్నిట్లో అడ్డంగా చదువుతారు. ఆ రోజు 14 మంది పేషెంట్లు ఉన్నారని రాసి, బియ్యం ఆరుగురికి సరిపడా ఖర్చైనట్టుంటే మీ దగ్గర జవాబుండదు. రిజిస్టర్లు ఏరోజుకారోజు రాయండి. నెలాఖర్న కూర్చుని ఒకే పెన్నుతో నింపిన పేజీ చూడగానే తెలిసిపోతుంది.

గ్రాంటు విడతలుగా వస్తుంది. తర్వాతి విడత కావాలంటే ముందుదానికి కేంద్ర ఆర్థిక నియమాల్లోని (జీఎఫ్ఆర్) 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం, అంటే యూసీ ఇవ్వాలి. సొమ్ము పీఎఫ్ఎంఎస్‌లో, అంటే కేంద్రం తన నిధుల కదలికను చూసే ఆన్‌లైన్ వ్యవస్థలో, నమోదైన ఖాతా గుండానే నడవాలి. చాలామంది మరిచేది వడ్డీ: గ్రాంటు సొమ్ము మీద బ్యాంకు ఇచ్చిన వడ్డీ మీది కాదు. లెక్కలు ఖరారైన వెంటనే ప్రభుత్వానికి సొమ్ము కట్టే పోర్టల్ భారత్‌కోశ్ ద్వారా కేంద్ర సంచిత నిధికి తిరిగి కట్టాలి. 900 రూపాయల వడ్డీ దగ్గర లక్షల విడత ఆగుతుంది.

ఒక మనిషికి ఎంత ఖర్చు?

ఎవరిని డబ్బు అడిగినా ముందు అడిగే ప్రశ్న ఇదే. 15 పడకల కేంద్రానికి నమూనా లెక్క వేద్దాం. మీ ఊరి ధరలు పెట్టి మార్చుకోండి. నెలకు జీతాలు 2,05,000, అద్దె 35,000, మందులు, పరీక్షలు 30,000, కరెంటు, నీళ్లు, గ్యాస్ 16,000, డిశ్చార్జి తర్వాత ఫోన్లు, ఇంటికి వెళ్లి చూడటం 12,000, ఆడిట్, రికార్డులు 8,000. సగటున 12 పడకలు నిండితే, రోజుకు మనిషికి 150 చొప్పున భోజనం 54,000. మొత్తం 3,60,000. 12 మందికి 30 రోజులంటే 360 పడక-రోజులు. రోజుకు వెయ్యి, నెలరోజుల చికిత్సకు మనిషికి 30,000.

ఇప్పుడు ఆరు పడకలే నిండాయనుకోండి. భోజనం 27,000 తగ్గుతుంది, మిగతావి తగ్గవు. 3,33,000ను 180తో భాగిస్తే పడక-రోజు ఖర్చు 1,850. పడకలు నిండకపోతే ఖర్చు దాదాపు రెట్టింపవుతుందన్నమాట. అందుకే పెద్ద కేంద్రానికి ఎగబడే ముందు, పేషెంట్లను మీ దగ్గరికి పంపే పీహెచ్‌సీ డాక్టర్లు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాలతో సంబంధం పెంచుకోండి.

ప్రతిపాదనలో అవసరం చూపడానికి రెండు జాతీయ అధ్యయనాలు చాలు. ఎయిమ్స్ చేసిన సర్వేపై 2019లో విడుదలైన నివేదిక ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. నిమ్హాన్స్ 2015-16 జాతీయ సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి అప్పటికి మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఇవి ఒక్క వాక్యంలో ముగించి మీ మండలం లెక్కలకు రండి. 'నూటికి నూరు శాతం మానేశారు' అని ఎప్పుడూ రాయకండి. తెలిసినవారు ఆ మాట దగ్గరే కాగితం పక్కన పెడతారు. చేరినవారెందరు, పూర్తికాలం ఉన్నవారెందరు, ఆరు నెలల తర్వాత ఫోన్‌కి దొరికినవారెందరు, వారిలో పూర్తిగా మానేసినవారు, తగ్గించినవారు, మళ్లీ మొదలెట్టి తిరిగి వచ్చినవారు ఎందరు అని విడివిడిగా ఇవ్వండి. తిరిగి రావడం వైఫల్యం కాదు. ఈ జబ్బు స్వభావమే అది. ఆ మనిషికి మీ గుమ్మం గుర్తుందంటే మీ పని జరిగినట్టే.

సీఎస్ఆర్

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. ఏడో షెడ్యూల్లో 'ఆరోగ్య సంరక్షణ' ఉంది, మన పని అందులోకి వస్తుంది. మీకు కావాల్సింది కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర నమోదైతే వచ్చే సీఎస్ఆర్-1 నంబరు, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం. 5 కోట్ల లాభం గీత వల్ల హైదరాబాద్, విశాఖల్లోని పెద్ద పేర్లే కాదు, మీ జిల్లాలోని సిమెంటు, ఫార్మా, రొయ్యల ఎగుమతి కంపెనీలు కూడా ఈ పరిధిలో ఉండొచ్చు. పెద్ద కంపెనీ గుమ్మం ముందు వందమంది నిలబడతారు. దగ్గరి ఫ్యాక్టరీకి తన కార్మికుల ఇళ్లలో తాగుడు ఎంత నష్టం చేస్తోందో తెలుసు.

'పరిపాలనా ఖర్చు 5 శాతం మించకూడదు' అని కంపెనీ ప్రతినిధి అంటే కంగారుపడి జీతాలు కోయకండి. ఆ పరిమితి కంపెనీ సొంత సీఎస్ఆర్ విభాగం ఖర్చుకు. ప్రాజెక్టులో నేరుగా పనిచేసే కౌన్సెలర్ జీతం ప్రాజెక్టు ఖర్చే. మన పనిలో చికిత్స అంటేనే మనుషులు. జీతాల పద్దు సిగ్గుపడకుండా అడగండి.

సొమ్ము మార్చి 31లోపు నిజంగా ఖర్చవాలి. ఫిబ్రవరిలో అందిన డబ్బుతో ఏడాది జీతాలు ఇవ్వలేరు. అందుకే ఒప్పందం రాసేటప్పుడే 'కొనసాగే ప్రాజెక్టు'గా రాయించుకోండి. మొదలైన ఏడు కాక మరో మూడేళ్ల దాకా వీలుంటుంది.

ఫౌండేషన్లలో ముంబై మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ ప్రత్యేకంగా మానసిక ఆరోగ్యానికే నిధులిస్తుంది. రాసే ముందు వారు ఇప్పటిదాకా సాయం చేసిన పనుల జాబితా చదవండి.

అమెరికా నుంచి వచ్చే విరాళం

ఇక్కడ మన సంస్థలు తెలియక పెద్ద చిక్కులో పడతాయి. డాలస్‌లో ఉన్న మీ ఊరి అబ్బాయి భారత పాస్‌పోర్టుతోనే ఉండి, సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే అబ్బాయి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. తెలుగు సంఘాల విరాళాలూ అంతే. కాబట్టి డబ్బు రాకముందే పాస్‌పోర్టు నకలు అడిగి ఫైల్లో పెట్టుకోండి. మొహమాటపడితే మొత్తం సంస్థకు ముప్పు.

ఎఫ్‌సీఆర్ఏ నమోదుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ప్రధాన పనుల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోనే తెరవాలి. పరిపాలనకు 20 శాతం మించకూడదు. వచ్చిన సొమ్మును మరో సంస్థకు మళ్లించకూడదు.

స్థానిక దాతల నుంచి 2,000 దాటిన నగదుకు 80జీ మినహాయింపు రాదు, యూపీఐ అడగండి. దాతల వివరాలు మే 31లోపు ఆన్‌లైన్లో దాఖలు చేస్తేనే వారికి ధ్రువపత్రం వస్తుంది. అది అందని దాత మరుసటి ఏడు ఫోన్ ఎత్తడు.

దాతలు ఫొటోలు అడుగుతారు. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ అతని సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వడం 2017 చట్టం ఒప్పుకోదు. వాట్సాప్‌లో తిరిగిన ఒక్క ఫొటోతో ఊళ్లో పెళ్లి సంబంధం చెడిపోతుంది, ఉద్యోగం పోతుంది. వంటగది, తోట, ఖాళీ కౌన్సెలింగ్ గది ఫొటోలు పంపండి. ముఖాలే కావాలని పట్టుబట్టే దాతకు మర్యాదగా వద్దని చెప్పండి.

ఇక ఒకటో తారీఖు సంగతి. పై లెక్క ప్రకారం మూడు నెలల జీతాలు 6,15,000. ఇది గ్రాంటు నుంచి దాచలేరు, సీఎస్ఆర్ నుంచి దాచలేరు. ఆదాయంలో 85 శాతం ఖర్చు చేసి 15 శాతం దాకా నిల్వ ఉంచుకోవడానికి 12ఏ నియమాలు ఒప్పుకుంటాయి, కాబట్టి చిన్న దాతల సొమ్ముకు వేరే ఖాతా తెరవండి. ఏడాది మొత్తం ఆదాయంలో ఈ నిల్వ 15 శాతం దాటకుండా ఆడిటర్‌తో చూపించుకోండి. వందమంది నెలకు 500 చొప్పున ఇస్తే 50,000. ఆ లెక్కన పదమూడో నెలకు మూడు నెలల జీతాలు చేతిలో ఉంటాయి.