ఎల్క్ వేటకి తేలికపాటి రైఫిల్ కొనేముందు

మన వైజాగ్‌లో వేట మాటే ఎత్తకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఇది అమెరికాలోని కొలరాడోలో ఉంటూ అక్టోబరులో ఎల్క్ (అక్కడి పెద్ద జాతి జింక) వేటకి సిద్ధమవుతున్న మనవాళ్ళ కోసం.

– హెచ్‌1బీ మీద ఉన్నారా? ముందు హంటింగ్ లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే ఫెడరల్ నేరం. స్నేహితుడి తుపాకీ అన్నా వినరు.

– రైఫిల్ తేలికైనకొద్దీ పేల్చినప్పుడు భుజానికి తన్ను ఎక్కువ. 3 కిలోల లోపు రైఫిల్‌లో .300 మాగ్నమ్ (బాగా శక్తిమంతమైన తూటా రకం) తీసుకున్న మా బావమరిది భుజం మర్నాటికి వంకాయ రంగుకి తిరిగింది. అది తగ్గిపోయింది గానీ, ట్రిగ్గర్ నొక్కబోయేసరికి కళ్ళు మూసుకునే అలవాటు మాత్రం పోలేదు. అంతకన్నా నెమ్మదైన .308 గానీ 7ఎంఎం-08 గానీ తూటా చాలు. ఎల్క్‌కి అక్కడి రూలు: కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం వెడల్పు), 85 గ్రెయిన్ల (సుమారు 5.5 గ్రాముల) బుల్లెట్.

– స్కోపు (గురి చూసే దుర్బిణి), పట్టీ, తూటాలతో కలిపి తూచండి. 2.5 కిలోలని రాసున్నది 3 దాటేస్తుంది. సెలవుకొచ్చినప్పుడు అంత బియ్యం మూట భుజానేసుకుని సింహాచలం మెట్లెక్కి చూడండి, తెలుస్తుంది. అక్కడైతే 3,000 మీటర్ల ఎత్తు, గాలీ పలచనే.

– సన్న బ్యారెల్ తొందరగా వేడెక్కి గురి పక్కకి తప్పుతుంది. మూడేసి తూటాలు పేల్చాక ఓసారి చల్లారనివ్వండి.

– సంక్రాంతికి బయల్దేరేముందు వేటకి వాడిన బ్యాగు జేబులన్నీ దులపండి. మరిచిపోయిన తూటా ఒక్కటి బయటపడినా మన ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.