వానల్లో ట్రైలర్ బ్రేకు: కాలితో ఆపండి, లీవరు లాగొద్దు

చెన్నైలో అసలు వానలు అక్టోబరు మూడో వారం నుంచి మొదలవుతాయి. డిసెంబరు దాకా తడ, గుమ్మిడిపూండి మీదుగా ఎన్నూర్, కాట్టుపల్లి పోర్టులకు కంటెయినర్లు తోలే మన నెల్లూరు, సూళ్లూరుపేట డ్రైవర్లకు పొడి రోడ్డు దొరికేది తక్కువ. మింజూరు దగ్గరో మాధవరం దగ్గరో ఒక ఆటో సందులోంచి దూసుకొచ్చి ఎదురుగా ఆగిపోతుంది. ఆ క్షణంలో చెయ్యి ట్రైలర్ లీవరు, అంటే ట్రైలర్‌కి చేత్తో బ్రేకు వేసే లీవరు మీదికి పోకూడదు.

"వెనక ట్రైలర్ నెట్టుకొస్తుంటే లీవరు లాగు, సాఫుగా నిలబడుద్ది" అని కొత్తవాళ్లకు చెప్పే సీనియర్లు ఇప్పటికీ ఉన్నారు. పొడి రోడ్డు మీద, నెమ్మదిగా పోతున్నప్పుడు అది పనిచేసినట్టే కనిపిస్తుంది. తడి రోడ్డు మీద అదే కొంప ముంచుతుంది. లీవరు లాగితే ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు పడుతుంది. అవి పట్టేసి జారడం మొదలైతే ఇక పక్కలకు పట్టు ఉండదు, ట్రైలర్ తోక పక్క లేన్లోకి వచ్చేస్తుంది. అక్కడ బైకు మీద ఎవరున్నా అంతే సంగతులు.

కాలి బ్రేకైతే హార్స్‌కీ (ముందుండి లాగే ఇంజిన్ బండి) ట్రైలర్‌కీ కలిపి పడుతుంది. చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉంటే గట్టిగా తొక్కి అలాగే ఉంచండి, కొట్టి కొట్టి వదలొద్దు. హార్స్‌కి ఉండి ట్రైలర్‌కి లేకపోతే ఒక కన్ను అద్దంలో ఉండాలి. రెండింటికీ లేకపోతే చక్రాలు పట్టేసేదాకా పోనివ్వకుండా నొక్కండి. పట్టేస్తే వదిలి, చక్రం తిరగ్గానే మళ్లీ నొక్కండి. ట్రైలర్ పక్కకు వస్తున్నట్టు అద్దంలో కనిపిస్తే బ్రేకు వదలాలి. ఎదురుగా ఆటో ఉండగా వదలడానికి మనసొప్పదు, నిజమే. కానీ చక్రం తిరిగితేనే ట్రైలర్ మళ్లీ దారికొస్తుంది.

యూట్యూబ్‌లో విదేశీ వీడియోలు చూసి, అక్కడ చేత్తోనే బ్రేకు వేస్తున్నారుగా అని వాదించేవాళ్లున్నారు. అవి కారు వెనక కట్టే చిన్న ట్రైలర్లు, కరెంటు బ్రేకులవి. గాలికి ఊగుతుంటే చక్రాలు పట్టేయకుండా మెల్లగా వేసి సరిచేస్తారు. నలభై అడుగుల కంటెయినర్‌కి ఆ లెక్క పనికిరాదు.

లోడు దించి ఖాళీగా వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఆ బ్రేకులు నిండు లోడును ఆపడానికి చేసినవి, బరువు లేకపోతే చక్రం ఇట్టే పట్టేస్తుంది. తడి రోడ్డు మీద ఖాళీ బండికి ఇంజిన్ పొగను అడ్డుకుని బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు కూడా వాడొద్దు, హార్స్ వెనక చక్రాలు జారి బండి మడత పడుతుంది. స్పీడు సంగతి అందరికీ తెలిసిందే. 40లో ఆగే దూరంతో పోలిస్తే 60లో బ్రేకు పడ్డాక ఆగడానికి రెండింతలకు పైనే కావాలి.

బయల్దేరే ముందు చూడాల్సినవాటిలో బ్రేకులకు గాలి ఇచ్చే ట్యాంకు మొదటిది. కింద ఉన్న డ్రెయిన్ రింగు లాగితే వానాకాలంలో ముందు తుస్సుమని గోధుమరంగు నీళ్లు చిమ్ముతాయి, తర్వాతే పొడి గాలి వస్తుంది. నీళ్లు ఆగేదాకా వదలండి. వాటితో పాటు నూనె ఎక్కువగా పడుతుంటే ట్యాంకులో గాలి నింపే కంప్రెషర్ మెకానిక్‌కి చూపించాలి. తర్వాత హార్స్ నుంచి ట్రైలర్‌కి గాలి తీసుకెళ్లే ఎర్ర పైపు, పసుపు పైపు తగిలించే చోట రబ్బరు వాషర్ మీద వేలు పెట్టి తిప్పి చూడండి. పగుళ్లు తగిలితే మార్చేయండి, దాని ఖరీదు పెద్ద లెక్కలోకి రాదు. ఎర్ర పైపు ఊడితే ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పడిపోతాయి. ఫ్లైఓవర్ మీద అలా జరిగితే వెనక వచ్చేవాడి గతేంటి?

లీవరు అసలు పనికొచ్చేది ఇక్కడ. ట్రైలర్ తగిలించాక లీవరు లాగి పట్టి, ఫస్ట్ గేరులో మెల్లగా ముందుకు లాగి చూడండి. ట్రైలర్‌ని హార్స్‌కి కలిపే కింగ్ పిన్ సరిగా పట్టుకుందో లేదో తెలిసిపోతుంది. దిగి టార్చి వేసి కూడా చూడాలి, లాగి చూశాం కదా అని వదిలేయొద్దు.

మణలి వైపు నిలిచిన నీళ్లలోంచి వస్తే బ్రేకు డ్రమ్ములు తడుస్తాయి, బ్రేకు పట్టు తగ్గిపోతుంది. బయటికి రాగానే వెనక ఎవరూ లేనప్పుడు నెమ్మదిగా పోతూ తేలిగ్గా తొక్కి ఆరబెట్టండి. పోర్టు గేటు దగ్గర గంటలకొద్దీ క్యూలో ఉన్నప్పుడు లీవరు లాగి నిద్రపోయే అలవాటు కొందరికి ఉంది. గాలి కారిపోతే ఆ బ్రేకు వదిలేస్తుంది. పార్కింగ్ బ్రేకు వేసి, ట్రైలర్ చక్రానికి అడ్డం పెట్టాకే పడుకోండి.