చిన్న ల్యాప్‌టాప్ కొనేముందు ప్రాసెసర్ పేరు చివరి అంకె దాకా చదవండి

విజయవాడ బందరు రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో షాపుకెళ్లి తక్కువ ధరలో చిన్న ల్యాప్‌టాప్ కావాలంటే "ఇంటెల్ సార్, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ" అని గబగబా చెప్పేస్తారు. అసలు తెలియాల్సిన ముక్క అందులో లేదు. ఇంటెల్ అన్నది కంపెనీ పేరు, మీకు కావలసింది మోడల్ నంబరు. పైగా 2023 నుంచి చవక ల్యాప్‌టాప్‌లలో సెలెరాన్, పెంటియమ్ పేర్లు తీసేసి స్టిక్కర్ మీద ఉత్త "ఇంటెల్ ప్రాసెసర్" అనే వేస్తున్నారు కాబట్టి, దాన్ని చూసి ఏమీ తెలుసుకోలేం.

డిస్‌ప్లేలో పెట్టిన మెషీన్ ఆన్ చేయమని అడిగి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద క్లిక్ చేస్తే కుడివైపు పైన పూర్తి పేరు, కింద కోర్లు, అంటే ప్రాసెసర్‌లో పని చేసే విడివిడి భాగాలు, ఎన్నో కనిపిస్తాయి. ఎన్100 అని ఉంటే నాలుగు కోర్లు, 2023లో వచ్చింది, ఈ ధరలో నిశ్చింతగా తీసుకోవచ్చు. ఎన్200 కూడా అదే కుటుంబం, గ్రాఫిక్స్ కాస్త మెరుగు. ఎన్4020 అయితే 2019 నాటిది, ఎన్4500 అయితే 2021 నాటిది, రెండిట్లోనూ రెండేసి కోర్లే. వీటన్నిటికీ కరెంటు వాడకం కాగితం మీద రాసేది 6 వాట్లే, అందుకే "అన్నీ ఒకటే సార్, బ్యాటరీ బాగా వస్తుంది" అని చెప్పడం వాళ్లకు సులువు. ఒకటి కాదు. నాలుగు ట్యాబులు తెరిచి, ఆన్‌లైన్ క్లాసు పెట్టి, పక్కన వర్డ్‌లో నోట్స్ రాసుకుంటే తేడా వెంటనే తెలిసిపోతుంది. యూట్యూబ్‌లో ఇప్పుడు చాలా వీడియోలు ఏవీ1 అనే కొత్త పద్ధతిలో వస్తున్నాయి, వాటిని విప్పడానికి ఎన్100లో ప్రత్యేకంగా హార్డ్‌వేర్ ఉంది, ఆ పాత రెండిట్లో లేదు, ఆ భారమంతా ఉన్న రెండు కోర్ల మీదే పడుతుంది.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వైపు నంబర్లు ఇంకాస్త తికమక. రైజెన్ 3 7320యూ అంటే 7 వేల సిరీస్, సరికొత్తది అనిపిస్తుంది, కానీ ఆ నంబర్లో మూడో అంకె చూడాలి. అక్కడున్న 2 అంటే లోపల 2019లో మొదలైన జెన్ 2 అనే పాత రకం కోర్లు అని. అయినా మంచి ప్రాసెసరే, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (అంటే ఒకేసారి నడిపే పనుల వరసలు). అథ్లాన్ సిల్వర్ 7120యూ మాత్రం రెండు కోర్లు, రెండు థ్రెడ్లు, దాని జోలికి వెళ్లొద్దు.

ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్‌సెట్ గురించి ఇప్పుడు విడిగా అడగక్కర్లేదు. 2008లో నెట్‌బుక్‌లనే చిన్న చవక ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు ఆటమ్ ఎన్270 ప్రాసెసర్ తాగేది 2.5 వాట్లే, పక్కనున్న 945 చిప్‌సెట్ అంతకంటే ఎక్కువ తాగేది, అందుకే బ్యాటరీ అనుకున్నంత వచ్చేది కాదు. 2010లో గ్రాఫిక్స్‌నీ మెమరీ కంట్రోలర్‌నీ ప్రాసెసర్‌లోకే తెచ్చారు, ఈ చిన్న ప్రాసెసర్లలో ఇప్పుడు మొత్తం ఒక్క చిప్పులోనే ఉంటుంది. ఎవరైనా ఆ కాలపు నెట్‌బుక్ చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

ర్యామ్ దగ్గర మాత్రం కాసేపు ఆగండి, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఎన్100కి మెమరీ చానెల్, అంటే ర్యామ్‌తో కలిసే దారి, ఒక్కటే, అందుకే సాధారణంగా ర్యామ్ గుచ్చే స్లాటూ ఒక్కటే ఉంటుంది. నాలుగు జీబీది కొని తర్వాత ఇంకో నాలుగు కలుపుదామంటే కుదరదు, ఉన్నది పీకేసి ఎనిమిదిది పెట్టాలి. 7320యూ వాడే మెమరీ ఎల్‌పీడీడీఆర్5, అది బోర్డుకే అతికించి వస్తుంది, కొన్నాక పెంచడమన్న మాటే లేదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద క్లిక్ చేసి ఫామ్ ఫ్యాక్టర్ అన్న చోట చూడండి, "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించినదే. కాబట్టి కొనేటప్పుడే ఎనిమిది జీబీ ఉన్నది తీసుకోండి. విండోస్ 11కి నాలుగు చాలని మైక్రోసాఫ్ట్ రాసింది నిజమే, కానీ దాంతో రోజూ పని చేయడం నరకం.

డిస్క్ 64 జీబీ, 128 జీబీ అని ఉంటే అది ఈఎమ్‌ఎమ్‌సీ ఏమో గట్టిగా అడగండి. చవక ఫోన్లలో వాడే రకం అది, ఎస్‌ఎస్‌డీ కంటే బాగా నెమ్మది, మార్చుకోవడమూ కుదరదు.

ఇక మన ఎండలు. 6 వాట్ల ప్రాసెసర్‌కి చాలా కంపెనీలు ఫ్యాన్ పెట్టవు, చప్పుడు ఉండదు, దుమ్ము లాగదు, అది బాగానే ఉంటుంది. కానీ రోహిణి కార్తెలో బెజవాడలో మధ్యాహ్నం గది వేడికి లోపలి వేడి తోడైతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. షాపులో ఏసీ ఉంటుంది కాబట్టి ఇది బయటపడదు. వీలైతే ఒక హెచ్‌డీ వీడియో, రెండు మూడు వెబ్‌సైట్లు తెరిచి పావుగంట వదిలేసి, టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ అంకె చూస్తూ ఉండండి. ఎన్100 బేస్ స్పీడ్ 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు, పని పడితే 3.4 దాకా వెళ్తుంది. పని నడుస్తుండగానే ఆ అంకె పడిపోతూ, అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆ మోడల్ వద్దు. ఇంటికి తెచ్చాక పరుపు మీద పెట్టకండి, బల్ల మీదే వాడండి.

డిగ్రీ చదివే పిల్లలకీ, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు టాలీలో రాసుకునేవాళ్లకీ ఎన్100 హాయిగా సరిపోతుంది. బీటెక్ వాళ్లు ఆండ్రాయిడ్ స్టూడియో, ఆటోక్యాడ్ అంటే మాత్రం ఇది వద్దు, ఐ5-8250యూ లాంటి ఎనిమిదో తరం లేదా ఆ పైది సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవడం నయం. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టించి బ్యాటరీ రిపోర్ట్ తీయించి, డిజైన్ కెపాసిటీతో పోలిస్తే ఫుల్ చార్జ్ కెపాసిటీ ఎంత మిగిలిందో చూశాకే బేరం మొదలుపెట్టండి.

కొన్ని చవక ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఎస్ మోడ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లే ఎక్కనిచ్చే పద్ధతిలో వస్తుంది, అందులో టాలీ ఎక్కదు. ఎస్ మోడ్ తీసేయడం ఉచితమే, షాపులోనే తీయించుకోండి. బిల్లులో ఉత్త "ల్యాప్‌టాప్ 1" అని రాస్తే ఊరుకోకుండా ప్రాసెసర్ పూర్తి మోడల్, ర్యామ్, డిస్క్ రకం, సీరియల్ నంబరు రాయించి, అడుగున అతికించిన స్టిక్కర్‌తో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.